పందెం డబ్బు నాది, మొహం ఎవరిది? వరల్డ్ పోకర్ టూర్‌పై ఆటగాళ్ల దావా: తరచుగా అడిగే ప్రశ్నలు

2006లో అమెరికాలో ఏడుగురు పేరున్న పోకర్ ఆటగాళ్లు, తమ ఆటను టీవీలో చూపించే కంపెనీ మీదే కోర్టుకెక్కారు. ఆ కేసు గురించి ఎప్పుడు చెప్పినా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. పోకర్ రాకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడో ఒకప్పుడు చదవకుండా ఏదో ఫారం మీద సంతకం పెట్టినవాళ్లందరికీ ఇది అర్థమవుతుంది.

అసలు గొడవేమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

టోర్నమెంట్‌లో ఆడాలంటే ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ ఫారం తమ పేరు, మొహం, గొంతు అన్నిటినీ కంపెనీకి రాసిచ్చేస్తోందని ఆటగాళ్లు అన్నారు. సంతకం పెట్టకపోతే ఆట లేదు. అంతే గొడవ.

దావా వేసిన ఆ ఏడుగురు ఎవరు?

క్రిస్ ఫెర్గూసన్, హోవర్డ్ లెడరర్, ఆండీ బ్లాక్, ఫిల్ గోర్డన్, గ్రెగ్ రేమర్, జో హషేమ్, ఆనీ డ్యూక్. వీళ్లలో ముగ్గురు, పోకర్‌కు ప్రపంచకప్ లాంటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నీ గెలిచినవాళ్లే: ఫెర్గూసన్ 2000లో, రేమర్ 2004లో, హషేమ్ 2005లో. రేమర్‌కు 50 లక్షల డాలర్లు, హషేమ్‌కు 75 లక్షల డాలర్లు వచ్చాయి. లెడరర్, డ్యూక్ అన్నాచెల్లెళ్లు.

పేకాటరాయుళ్లంటే మనకు గుర్తొచ్చే బాపతు కాదు వీళ్లు. ఫెర్గూసన్ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేశాడు. బ్లాక్ ఎంఐటీలో ఇంజినీరింగ్, ఆ తర్వాత హార్వర్డ్‌లో లా చదివాడు. రేమర్ పేటెంట్ లాయర్‌గా ఉద్యోగం చేస్తూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంటే ఏడుగురిలో ఇద్దరు లా చదివినవాళ్లు. చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవకుండా సంతకం పెట్టే రకం కాదని ఇక్కడే తెలిసిపోతుంది.

వాళ్లు దావా వేసింది ఎవరి మీద?

డబ్ల్యూపీటీ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ మీద. టీవీలో చూపించే పోకర్ టోర్నీల వరుస వరల్డ్ పోకర్ టూర్‌ను అప్పట్లో నడిపింది అదే. స్టీవ్ లిప్‌స్కోంబ్ అనే లాయర్, టీవీ నిర్మాత 2002లో దీన్ని మొదలుపెట్టాడు. కాసినోల వ్యాపారి లైల్ బెర్మన్ కంపెనీ పెట్టుబడి పెట్టింది. 2003 నుంచి ట్రావెల్ ఛానెల్‌లో షో వచ్చింది. 2004 ఆగస్టులో కంపెనీ నాస్‌డాక్ షేర్ మార్కెట్‌లోకి వెళ్లింది. రెండేళ్లలో ఒక టీవీ షో కాస్తా షేర్లు అమ్ముకునే కంపెనీ అయిపోయింది.

పేకాట చూడడానికి అంత జనం ఎందుకు ఎగబడ్డారు?

చేతిలోని ముక్కలు కనబడడం వల్ల. అంతకుముందు టీవీలో పోకర్ చూడడమంటే, తలుపు వేసిన గదిలో ఏదో జరుగుతుంటే బయట కూర్చున్నట్టు ఉండేది. ఎవరి దగ్గర ఏ ముక్కలున్నాయో ఆఖరుదాకా తెలియదు. హెన్రీ ఓరెన్‌స్టీన్ అనే ఆయన ఈ చిక్కు విప్పాడు. నాజీల క్యాంపుల నుంచి ప్రాణాలతో బయటపడి, అమెరికా చేరి, బొమ్మల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. బల్ల అంచున కెమెరా పెట్టి ఆటగాడి ముక్కలు ప్రేక్షకుడికి మాత్రమే చూపించే పద్ధతికి 1995లో పేటెంట్ తీసుకున్నాడు. 1999లో బ్రిటన్ ఛానెల్ 4 షో ఒకటి ఇలాంటి పద్ధతినే వాడింది. వరల్డ్ పోకర్ టూర్ దీన్ని అమెరికాలో ఇంటింటికీ తీసుకెళ్లింది.

ఇక చూడండి. చేతిలో చెత్త ముక్కలు పెట్టుకుని, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా లక్షల డాలర్లు ముందుకు తోసేవాడిని కెమెరా దగ్గరి నుంచి చూపిస్తుంది. వాడి దగ్గర ఏమీ లేదని మనకు తెలుసు, ఎదుటివాడికి తెలియదు. ఆ టెన్షనే షో. ముక్కలు 52 ఎక్కడైనా దొరుకుతాయి. షోలో అమ్ముడుపోయేది మొహమే. గొడవ అక్కడికి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఆ ఫారంలో ఏముంది?

దాన్ని రిలీజ్ ఫారం అంటారు. ప్రసారంలో నన్ను చూపించడానికి నాకు అభ్యంతరం లేదు అని రాసివ్వడం వరకు అయితే ఎవరికీ పేచీ లేదు. టీవీ పెట్టిన చోట ఆడడానికి వచ్చి కెమెరా వద్దంటే కుదరదు, ఆ మాట ఆటగాళ్లూ ఒప్పుకున్నారు. పేచీ అంతా దాని తర్వాతి వాక్యాల దగ్గర. షోతో సంబంధం లేని సరుకుల మీద, ప్రకటనల్లో, వీడియో గేముల్లో కూడా తమ మొహాన్ని ఎప్పటికీ వాడుకునేంత వెడల్పుగా ఆ భాష ఉందన్నది ఆటగాళ్ల వాదన.

గెలిస్తే లక్షల డాలర్లు ఇస్తున్నారు కదా? బదులుగా మొహం అడిగితే తప్పేముంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఇందులో ఒక పొరపాటు ఉంది. ఆ లక్షల డాలర్లు కంపెనీ ఇవ్వడం లేదు.

పోకర్ టోర్నీలో ప్రైజ్ మనీ ఆటగాళ్ల జేబుల్లోంచే వస్తుంది. వరల్డ్ పోకర్ టూర్ మామూలు పోటీకి ప్రవేశ రుసుము తరచుగా 10,000 డాలర్ల దాకా ఉండేది. ఛాంపియన్‌షిప్‌కు 25,000. దాన్నే బై-ఇన్ అంటారు. మూడు వందల మంది తలా 10,000 కడితే 30 లక్షలు పోగవుతాయి. గెలిచినవాళ్లు పంచుకునేది అదే. విమానం టికెట్టు, హోటల్ గది, తిండి కూడా ఎవరివి వాళ్లవే. ఇంతా చేసి టీవీ బల్ల దాకా వచ్చేది ఆరుగురు. మిగతావాళ్లలో చాలామంది పైసా రాకుండా ఇంటికి పోతారు.

సినిమా నటుడికి నిర్మాత డబ్బిస్తాడు. ఫుట్‌బాల్ ఆటగాడికి జట్టు జీతమిస్తుంది. ఇక్కడ నటుడే టికెట్టు కొనుక్కుని, సెట్టు ఖర్చు భరించి, తెర మీద మరో నటుడికి తన డబ్బే ఓడిపోతాడు. ప్రసార హక్కుల మీద, స్పాన్సర్ల మీద వచ్చే ఆదాయం మాత్రం కంపెనీది. బల్ల మీద నోట్ల కట్టలు గుట్టగా పోసి చూపిస్తారే, అది చూస్తే నాకు అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెతే గుర్తొస్తుంది.

టీవీలో కనబడడమే ఉచిత పబ్లిసిటీ కదా? వీళ్లకు పేరు తెచ్చింది ఆ షోనే కదా?

నిజమే, ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. లెడరర్ ఆ టూర్ మొదటి సీజన్‌లోనే రెండు టైటిళ్లు గెలిచాడు. ఆ షో లేకపోతే అతని మొహం అమెరికాలో అంతమందికి తెలిసేది కాదు.

కానీ పేరు వచ్చాక దానికి ఒక ధర వస్తుంది. ఓడిపోయే రోజులే ఎక్కువగా ఉండే వృత్తిలో స్థిరమైన ఆదాయం ఆ ధర మీదే ఆధారపడుతుంది. అప్పట్లో రేమర్, హషేమ్‌లకు పోకర్‌స్టార్స్ అనే ఆన్‌లైన్ పోకర్ వెబ్‌సైటుతో ఒప్పందాలుండేవి. లెడరర్, ఫెర్గూసన్ ఫుల్ టిల్ట్ పోకర్ అనే మరో సైటు వెనక ముఖ్యులుగా ఉండేవాళ్లు. ఇక వరల్డ్ పోకర్ టూర్ కూడా 2005లో సొంతంగా ఆన్‌లైన్ పోకర్ సైటు తెరిచింది. ఇప్పుడు ఫారం మళ్లీ చదవండి. పోకర్‌స్టార్స్ టోపీ పెట్టుకుని డబ్బు తీసుకుంటున్న రేమర్ మొహం, రేపు పోటీ సైటు ప్రకటనలో కనబడితే? ఒక కంపెనీకి నీకే అని మాటిచ్చి, మరో కంపెనీకి నీకూ అని సంతకం చేసినట్టవుతుంది. తాము వేరేచోట చేసుకున్న ఒప్పందాలను ఈ ఫారం దెబ్బతీస్తోందని దావాలో వేరే ఆరోపణగానే పెట్టారు.

మొహం వాడుకుంటున్నారంటే సరే, దానికి యాంటీట్రస్ట్ చట్టం ఎందుకు?

కంపెనీలు కుమ్మక్కై వ్యాపారంలో పోటీని చంపకుండా చూసేదే యాంటీట్రస్ట్ చట్టం. ఆటగాళ్లు దాని కింద కూడా దావా వేశారు. ఈ కేసులో అసలైన ఎత్తు ఇదే. కంపెనీ మామూలుగా ఒకే మాట చెబుతుంది: ఫారం నచ్చకపోతే సంతకం పెట్టకు, ఇంకో టోర్నీ ఆడుకో, నిన్నెవరూ బలవంతం చేయలేదు. ఈ మాటకు జవాబు దొరకాలంటే, ఇంకో టోర్నీ లేకుండా చేశారని చూపించాలి.

ఆటగాళ్లు సరిగ్గా అదే అన్నారు. డబ్ల్యూపీటీ కాసినోలతో చేసుకున్న ఒప్పందాల వల్ల, ఆ కాసినోలు వేరే కంపెనీ టీవీ టోర్నీలకు చోటివ్వలేకపోతున్నాయని, ఆటగాళ్లంతా ఒకే ఫారానికి తలొగ్గాల్సి వస్తోందని, ఇది పోటీని చంపే కుమ్మక్కని ఆరోపించారు. ఊళ్లో కల్యాణ మండపాలన్నీ ఒకే కేటరర్‌తో రాసుకుంటే పెళ్లివారికి బేరమాడే వీలెక్కడ ఉంటుంది? అలాంటిది. కంపెనీ ఈ ఆరోపణలేవీ ఒప్పుకోలేదు.

ఆటగాళ్ల తరఫు లాయర్ ఎవరో చూస్తే ఈ ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. జెఫ్రీ కెస్లర్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ తెచ్చిపెట్టిన 1992 కేసులో వాదించిన లాయర్లలో ఒకడు. ఆటగాడి బేరమాడే శక్తిని యాంటీట్రస్ట్ చట్టంతో కాపాడడం ఆయనకు కొట్టిన పిండి.

మొహం మీద హక్కు అనేది నిజంగా చట్టంలో ఉందా?

అమెరికాలో ఉంది, అదీ రాష్ట్రాన్ని బట్టి. దానికి పేరు పెట్టింది 1953 నాటి ఒక కేసు. చూయింగ్ గమ్ ప్యాకెట్లలో పెట్టే బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కోసం రెండు కంపెనీలు కొట్టుకుంటే, ఆటగాడి బొమ్మకు ఆటగాడే హక్కుదారు, దాన్ని అమ్ముకోవచ్చు అని కోర్టు తేల్చింది. కాలిఫోర్నియా 1971లో దీన్ని చట్టంగానే రాసుకుంది. పేరు, గొంతు, సంతకం, ఫొటో, పోలిక, వీటిని అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదు. పోకర్ కేసు వేసింది లాస్ ఏంజిలెస్‌లోని ఫెడరల్ కోర్టులో. సినిమావాళ్ల ఊరు కాబట్టి ఈ హక్కు గురించి అక్కడి కోర్టులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కడ ఈ హక్కు ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ. శాంసంగ్ ఒక ప్రకటనలో బంగారు రంగు విగ్గు, గౌను, నగలు పెట్టిన రోబోను నిలబెట్టి, పక్కన అక్షరాల పలకలు పెట్టింది. మనిషి లేదు, పేరు లేదు. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అనే టీవీ గేమ్ షోలో అలాంటి పలకలు తిప్పే వానా వైట్ కోర్టుకెళితే, ఇది చూసిన ఎవరికైనా ఆమే గుర్తొస్తుంది కదా అని 1992లో అప్పీలు కోర్టు ఆమె వైపు నిలిచింది. తర్వాత జ్యూరీ 4 లక్షల డాలర్ల పైచిలుకు ఇప్పించింది.

ఇప్పుడు రేమర్ కళ్లజోడు తలుచుకోండి. కీలక సమయాల్లో అతను పెట్టుకునే జోడు అద్దాల మీద బల్లి కళ్ల హోలోగ్రామ్ బొమ్మలుంటాయి. తల కాస్త అటూ ఇటూ తిప్పితే రెండు సరీసృపపు కళ్లు ఎదుటివాడిని వెంటాడుతున్నట్టు ఉంటుంది. ఫెర్గూసన్ అయితే భుజాల కిందికి జుట్టు, గడ్డం, నల్ల టోపీ, నల్లద్దాలు. ఒక వీడియో గేములో పేరు పెట్టకుండా ఆ టోపీ, ఆ జుట్టు పెడితే చాలు, పోకర్ తెలిసినవాడెవడైనా ఫెర్గూసనే అంటాడు. వీళ్ల భయం ఊరికే పుట్టింది కాదు.

అలా అయితే ఆటను ప్రసారం చేయడానికి కూడా ప్రతి ఆటగాడి అనుమతి కావాలా?

వార్త చెప్పడానికి అక్కర్లేదు. ఆట మొత్తం చూపించడం మాత్రం వేరే సంగతి. ఈ గీత ఎక్కడుందో చెప్పే 1977 నాటి సుప్రీంకోర్టు కేసు ఒకటుంది. హ్యూగో జకీనీ అనే ఆయన ఫిరంగిలోంచి తనను తాను పేల్చుకుని వలలో పడే సర్కస్ మనిషి. మొత్తం ప్రదర్శన 15 సెకన్లు. ఒహాయోలో ఒక టీవీ ఛానెల్ ఆ 15 సెకన్లూ వార్తల్లో వేసేసింది. ఇంక టికెట్టు కొని ఎవరొస్తారని ఆయన కోర్టుకెళ్లాడు. వార్త పేరు చెప్పి ప్రదర్శన మొత్తాన్ని చూపించేస్తే పత్రికా స్వేచ్ఛ కాపాడదని అయిదుగురు జడ్జిలు ఆయన పక్షం, నలుగురు ఎదురు.

కేసు చివరికి ఏమైంది?

తీర్పు దాకా పోలేదు. హషేమ్, ఆ తర్వాత డ్యూక్ మధ్యలోనే తప్పుకున్నారు. మిగిలిన అయిదుగురితో 2008 ఏప్రిల్‌లో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. రాజీలో ముఖ్యాంశం కొత్త రిలీజ్ ఫారం. ఆటగాడి పేరును, మొహాన్ని కంపెనీ ఎంతవరకు వాడుకోవచ్చో అందులో స్పష్టం చేశారు. అదీ దావా వేసిన అయిదుగురికే కాదు, టూర్‌లో ఆడే ప్రతి ఒక్కరికీ.

అంటే ఆటగాళ్లు గెలిచినట్టేనా?

నా లెక్కలో సగం గెలిచారు. ఆ సగం చిన్నది కాదు. ఏ స్పాన్సరూ లేని, అప్పు చేసి 10,000 డాలర్లు కట్టి వచ్చిన కుర్రాడికి కూడా ఆ కొత్త ఫారమే. వాడికి కెస్లర్ లాంటి లాయర్‌ను పెట్టుకునే తాహతు ఎక్కడిది?

గెలవని సగం డబ్బు సంగతి. మా బై-ఇన్లతో షో నడుస్తోంది, టీవీ ఆదాయంలో మాకూ వాటా కావాలి అన్న మాటకు ఈ రాజీతో జవాబు దొరకలేదు. రాజీ అయింది కాబట్టి కాసినోల ఒప్పందాలు తప్పా ఒప్పా అన్నది కూడా కోర్టు తేల్చలేదు. ఆటగాళ్లకు గట్టి సంఘం లేకపోవడమే దీనికి కారణమని నేననుకుంటాను. బల్ల దగ్గర ఒకడి జేబు ఇంకొకడు ఖాళీ చేసేవాళ్లు బల్ల దిగగానే సంఘం పెట్టుకోవడం అంత సులువు కాదు.

ఆ కంపెనీ, ఆ ఆటగాళ్లు తర్వాత ఏమయ్యారు?

కంపెనీ చేతులు మారుతూ పోయింది. 2009లో పార్టీగేమింగ్ 1.23 కోట్ల డాలర్లకు కొన్నది. 2015లో చైనా కంపెనీ అవర్‌గేమ్ 3.5 కోట్లకు, 2021లో ఎలిమెంట్ పార్ట్‌నర్స్ 10.5 కోట్లకు. టూర్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆటగాళ్ల కథే చేదు. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల మీద విరుచుకుపడింది. ఫుల్ టిల్ట్ తన ఖాతాదారులకు ఇవ్వాల్సింది దాదాపు 39 కోట్ల డాలర్లు, బ్యాంకుల్లో ఉన్నది 6 కోట్లు అని ప్రాసిక్యూటర్లు చెప్పారు. లెడరర్, ఫెర్గూసన్‌ల పేర్లను సివిల్ ఫిర్యాదులో చేర్చారు. తప్పు ఒప్పుకోకుండానే ఇద్దరూ ప్రభుత్వంతో రాజీపడ్డారు. 2016లో లెడరర్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. చిన్న ఆటగాడి ఫారం కోసం పోరాడినవాళ్ల సైటులోనే చిన్న ఆటగాడి డబ్బు చిక్కుకుంది. దీంతో 2006 వాదన తప్పయిపోదు. కాకపోతే ఆ వాదన చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది.

ఇలాంటిదే ఇంకో ఆటలో జరిగిందా?

కాలేజీ ఆటల్లో. ఎడ్ ఓబానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒక వీడియో గేములో అచ్చం తనలాగే ఉన్న బొమ్మను చూశాడు. 2009లో దావా వేశాడు. అక్కడ మొదలైన తగువు సాగి సాగి, 2025 జూన్‌లో దాదాపు 280 కోట్ల డాలర్ల రాజీ దగ్గర తేలింది. ఆ చివరి కేసులో ఆటగాళ్ల తరఫున ముందు నిలిచిన లాయర్లలో మళ్లీ కెస్లరే.

మనకు బాగా గుర్తుండాల్సింది 2002. కొలంబో ఛాంపియన్స్ ట్రోఫీకి ముందు ఐసీసీ పెట్టిన కాంట్రాక్టు మీద సంతకం చేయడానికి మన క్రికెటర్లు ససేమిరా అన్నారు. టోర్నీ స్పాన్సర్లకు పోటీ కంపెనీల ప్రకటనల్లో, పోటీలకు ముందూ వెనకా కూడా కొన్నాళ్ల పాటు కనబడకూడదన్నది షరతు. స్పాన్సర్ హీరో హోండా, సచిన్ చేసే ప్రకటన టీవీఎస్ బండిది. ఎవరి బండి దిగాలి? ఆ తగువు 2003 ప్రపంచకప్ దాకా ఈడ్చుకుపోయింది. పోకర్ ఆటగాళ్లది కూడా అచ్చంగా ఇదే చిక్కు.

మన దేశంలో ఈ హక్కు సంగతేంటి?

ఒకచోట రాసి పెట్టిన చట్టం లేదు. 1994లో ఆటో శంకర్ కేసుగా పేరుపడ్డ సుప్రీంకోర్టు తీర్పు నుంచి కోర్టులే ఒక్కో మెట్టు కట్టుకుంటూ వచ్చాయి. 2022లో అమితాబ్, 2023లో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టు నుంచి ఆదేశాలు తెచ్చుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో నాగార్జున అదే హైకోర్టుకు వెళ్లారు. అదే నెలలో చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ఈ రోజుల్లో భయం వీడియో గేములు కాదు, ఏఐతో చేసే నకిలీ వీడియోలు.

తెలుగు రాష్ట్రాల్లో పోకర్ ఆడొచ్చా?

డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడకూడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. ఆ మాట పుట్టిన చోటే ఆన్‌లైన్ రమ్మీని ముందుగా నిషేధించడం తమాషా.

నేనూ ఒక పోటీలో పాల్గొంటున్నాను. ఫారంలో ఏం చూసుకోవాలి?

మూడేళ్ల కిందట మా ఊళ్లో జరిగిన అయిదు కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాను. ఫోన్‌లో ఫారం నింపుతూ కింద ఉన్న గడిలో టిక్కు పెట్టేశాను. రెండు నెలలకు మా బావమరిది ఒక పాంప్లెట్ ఫొటో తీసి పంపాడు. మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన. చెమటతో, నోరు తెరుచుకుని, నడుం పట్టుకుని వంగి నిలబడ్డది నేనే. "బావా, ఇంత నొప్పి ఉంటే చెప్పలేదేం?" అని కింద మెసేజ్. నిర్వాహకులకు ఫోన్ చేస్తే, మీరు టిక్కు పెట్టారు కదండీ అన్నారు. పెట్టాను.

అప్పటి నుంచి నాలుగు మాటల కోసం వెతుకుతాను. "ఏ మాధ్యమంలోనైనా", "ఎప్పటికీ", "మూడో పక్షానికి బదలాయించవచ్చు", "ఎలాంటి ప్రతిఫలం లేకుండా". ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఉంటే అది పోటీని చూపించడానికి అడిగే అనుమతి కాదు. ఈ కార్యక్రమం ప్రసారానికి, ప్రచారానికి మాత్రమే అని పెన్నుతో రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఇవ్వండి. కొన్నిచోట్ల తీసుకుంటారు. తీసుకోని చోట ఆడాలా వద్దా అన్నది, ఆ నూనె పాంప్లెట్ మీద మీ మొహాన్ని ఒకసారి ఊహించుకుని తేల్చుకోండి.